మొదటి సూదికి ముందే అడగండి

(బెంగళూరు కె.ఆర్.పురంలో, ఒక అపార్ట్‌మెంట్‌లోని తెలుగు కుటుంబాల ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లు దయచేసి ముందుకు రండి. ఈ రోజు చేత్తో పట్టుకుని చూపించాల్సిన వస్తువు ఒకటి తెచ్చాను, అక్కణ్నుంచి కనిపించదు.

మాది మదనపల్లె. బెంగళూరు వచ్చి 22 ఏళ్లయింది. అందులో 14 ఏళ్లు ఒక పెద్ద ఆసుపత్రిలో ఇన్సూరెన్స్ డెస్కు మీద పనిచేశాను. నేను డాక్టర్ని కాను. ఎవరికి ఏ మందు వాడాలో చెప్పే అర్హత నాకు లేదు, చెప్పను. ఆ మందుకు ఎవరి జేబులోంచి ఎంత పోతుందో, ఎందుకు పోతుందో, అది మాత్రం చెబుతాను.

ఇదిగో ఈ పెట్టె. మా అక్కది. ఖాళీదే. అరచేతిలో పడుతుంది చూడండి. పైన పెద్ద అక్షరాల్లో కంపెనీ పెట్టుకున్న పేరు. దాని కింద, కళ్లజోడు పెట్టుకుంటే తప్ప కనపడనంత చిన్నగా, మందు అసలు పేరు: ట్రాస్టుజుమాబ్, 440 మి.గ్రా. పక్కకు తిప్పితే, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు అని ఉంది. ఇంకో వైపు బ్యాచ్ నంబరు, గడువు తేదీ, ఎంఆర్పీ. మనం ఇంట్లో పప్పు ప్యాకెట్ కొన్నా ఎంఆర్పీ చూస్తాం. ఆసుపత్రిలో ఈ పెట్టె మన చేతికే రాదు. ఫార్మసీ నుంచి నేరుగా లోపలికి పోతుంది, సాయంత్రం బిల్లులో ఒక వరుసగా బయటికొస్తుంది. మా అక్క విషయంలో నేను పట్టుబట్టి అడిగి తీసుకున్న పెట్టె ఇది. అందుకే దాచుకున్నాను.

అక్కకు 2019లో రొమ్ము క్యాన్సర్ వచ్చింది. పరీక్షల్లో హెర్-2 పాజిటివ్, అంటే హెర్-2 అనే ప్రొటీన్ ఎక్కువగా ఉన్న రకం అన్నారు. అలాంటి క్యాన్సర్‌కు ట్రాస్టుజుమాబ్ వాడతారు, మూడు వారాలకోసారి, సుమారు ఏడాదిపాటు. మొదటి డోసు బరువును బట్టి కిలోకి 8 మి.గ్రా., తర్వాతవన్నీ కిలోకి 6. అక్క బరువు 60 కిలోలు. అంటే మొదట 480, ఆ తర్వాత ప్రతిసారీ 360. ఈ రెండు అంకెలు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాయి.

ఇలాంటి ఇంజెక్షన్‌కు అసలు కంపెనీ తర్వాత వేరే కంపెనీలు తెచ్చే, దాదాపు అలాగే ఉండే మందును బయోసిమిలర్ అంటారు. ముందు ఆ మాట సంగతి చూద్దాం. చాలామంది దీన్ని జెనెరిక్, అంటే మామూలు మాత్రలకు వచ్చే చవక నకలు లాంటిది అనుకుంటారు. పారాసెటమాల్ ఉప్పులాంటిది. ఎవరు తయారుచేసినా అణువుకు అణువు అదే ఉంటుంది, దాన్ని అచ్చుగుద్దినట్టు చేయొచ్చు. ఈ ఇంజెక్షన్లు పెరుగులాంటివి. బతికున్న కణాల్లో పెంచి తీస్తారు. ఒకే గేదె పాలు, ఒకే తోడు తీసుకున్నా మీ ఇంట్లో పెరుగుకీ మా ఇంట్లో పెరుగుకీ రవ్వంత తేడా ఉంటుంది. ఆ తేడా ఒంటి మీద పనిచేసే తీరును మార్చడం లేదని కంపెనీ పరీక్షలు చేసి చూపించాలి. మన దేశంలో దీనికి 2012లో మార్గదర్శకాలు వచ్చాయి, 2016లో సవరించారు. ఆ పరీక్షలకు డబ్బవుతుంది, ఆ కణాలను పెంచే ఫ్యాక్టరీకి ఇంకా డబ్బవుతుంది. మాత్రల్లో జెనెరిక్ వస్తే ధర పదో వంతుకు పడిపోవడం చూశాం కదా, బయోసిమిలర్ వచ్చిన మొదటి రోజే అలా జరగదు. ఇది ముందే తెలిస్తే కౌంటర్ దగ్గర గుండె ఆగినంత పని కాదు.

ఈ కథలో మనవాళ్ల చెయ్యి పెద్దదే. హైదరాబాద్‌లో డాక్టర్ రెడ్డీస్ 2007లోనే కొన్ని రక్త క్యాన్సర్లకు వాడే రిటుక్సిమాబ్‌కు బయోసిమిలర్ తెచ్చింది. ఇక్కడ మన హోసూర్ రోడ్డులో ఉన్న బయోకాన్ 2014 జనవరిలో ట్రాస్టుజుమాబ్ బయోసిమిలర్‌ను మార్కెట్లోకి తెచ్చింది. 440 మి.గ్రా. వయల్, అంటే మందు సీసా, 57,500 రూపాయలు. అప్పటి అసలు బ్రాండు కంటే సుమారు 25 శాతం తక్కువ. పాతిక శాతమేనా అని అప్పుడు చాలామంది పెదవి విరిచారు. ఆ తర్వాత ఇంకో కంపెనీ, ఇంకో కంపెనీ వచ్చాక అసలు దిగుడు మొదలైంది. ఒక్క బయోసిమిలర్ ధరను కొంచెం కదుపుతుంది. నాలుగైదు వస్తే నేలకు దించుతాయి. అందుకే మీ డాక్టర్ను అడగాల్సిన మొదటి ప్రశ్న, "ఈ మందుకు ఎన్ని కంపెనీలవి దొరుకుతున్నాయి, వాటిలో మీకు నమ్మకం ఉన్నవి ఏవి?" అని. అడిగితే ఏమనుకుంటారో అనుకోకండి. నేను చూసినంతలో మంచి డాక్టర్లు ఈ ప్రశ్నకు సంతోషంగానే జవాబు చెబుతారు.

ఇక ఎంఆర్పీ. ట్రాస్టుజుమాబ్, రిటుక్సిమాబ్ లాంటివి జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి. ఇన్సులిన్ గ్లార్జిన్‌ను 2022లో చేర్చారు. జాబితాలో ఉన్న మందుకు ఎన్‌పీపీఏ, అంటే మందుల ధరలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ, గరిష్ఠ ధర పెడుతుంది. ఎలా పెడుతుంది? మార్కెట్లో 1 శాతమో అంతకంటే ఎక్కువో వాటా ఉన్న బ్రాండ్లను రిటైలర్‌కు ఏ ధరకు ఇస్తున్నారో ఆ ధరల సగటు తీసి, దాని మీద 16 శాతం రిటైలర్ మార్జిన్ కలుపుతారు. తయారీ ఖర్చు ఎంత అన్నది ఈ లెక్కలోకి రాదు. కాబట్టి ఇది ఇంటి పైకప్పులాంటిది. దానికి తల తగిలేలా నిలబడాలని ఎవరూ చెప్పలేదు, కిందే నిలబడొచ్చు. ఎంత కిందో తెలియాలంటే ఒక్క సంగతి చాలు. దేశంలోని క్యాన్సర్ ఆసుపత్రులు నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ పేరుతో ఒక్కటై, 40 మందులకు కలిసి బేరమాడాయి. మందును బట్టి 23 నుంచి 99 శాతం దాకా తగ్గింపు వచ్చింది. తగ్గిన ధరకు అమ్మడానికి ఆ కంపెనీలు ఒప్పుకున్నాయి కదా!

మరి మిగతా చోట్ల ఆ తగ్గిన ధరకూ ఎంఆర్పీకీ మధ్యలో ఉన్న డబ్బు ఎక్కడికి పోతోంది? 2018 ఫిబ్రవరిలో ఎన్‌పీపీఏ ఢిల్లీ చుట్టుపక్కల కొన్ని పెద్ద ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులు పరిశీలించింది. మందులు, వాడిపారేసే సామాను మీద లాభం 1,737 శాతం దాకా ఉందని చెప్పింది. అందులో ఎంఆర్పీ దాటి అమ్మాల్సిన అవసరమే వాళ్లకు లేదు. ఎక్కువ సరుకు కొనే ఆసుపత్రి కోసం కంపెనీయే ఎంఆర్పీని ఎత్తుగా ముద్రిస్తుంది. నేను డెస్కులో కూర్చున్న రోజుల్లో రోగుల బంధువులు వచ్చి, "అమ్మా, ఎంఆర్పీకే ఇచ్చారు కదా, మోసమేమీ లేదు కదా" అని అడిగేవాళ్లు. వాళ్లకు ఏం చెప్పాలో తెలిసేది కాదు. ఈ రోజు చెబుతున్నాను. ఎంఆర్పీకి ఇచ్చారంటే, అంతకంటే ఎక్కువ తీసుకోకూడదన్న చివరి హద్దు దగ్గరే డబ్బు తీసుకున్నారని.

బయట కొనుక్కోవచ్చా అని ముందు వరుసలో పెద్దాయన అడుగుతున్నారు. ఆసుపత్రి ఫార్మసీలోనే కొనాలన్న బలవంతం మీద సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2025 మార్చిలో కోర్టు తానే ఆదేశాలు ఇవ్వకుండా, రాష్ట్ర ప్రభుత్వాలు దీనిపై విధానం చేసుకోవాలని వదిలింది. కాబట్టి ఒక్కో ఆసుపత్రిది ఒక్కో తీరు. అడగాలి. కొందరు కాగితం రాయించుకుని ఒప్పుకుంటారు. అయితే వాళ్లు చెప్పే అభ్యంతరంలో న్యాయం లేకపోలేదు. ఈ మందు ఎండలో అరగంట ఆటోలో తిరిగితే చెడిపోయిందో లేదో చూసి చెప్పలేం, రంగు మారదు, వాసన రాదు. బయట కొంటే ఐస్ ప్యాకుతో ఇచ్చే దుకాణంలోనే కొనండి. బిల్లు మీద బ్యాచ్ నంబరు వేయించుకోండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉండే అమృత్ ఫార్మసీల్లో క్యాన్సర్ మందులు తగ్గింపు ధరకు దొరుకుతాయి, అక్కడా విచారించండి.

ఇప్పుడు ఆ రెండు అంకెల దగ్గరికి వద్దాం. 480, 360. అక్క మొదటి డోసుకు రెండు వయల్స్ తెరిచారు. 880లో 480 ఎక్కించారు. 400 మిగిలింది. మూడు వారాల తర్వాత రెండో డోసుకు కావాల్సింది 360. కానీ బిల్లులో మళ్లీ కొత్త వయల్ వేశారు. మొన్నటి 400 ఏదమ్మా అని నర్సమ్మాయిని అడిగాను. "డిస్కార్డ్ చేసేశాం మేడమ్" అంది. పాపం ఆ పిల్ల తప్పేం లేదు, అక్కడి పద్ధతి అది. ఒక పూర్తి డోసు, దానిపైన ఇంకో 40, చెత్త డబ్బాలోకి పోయింది. అక్క పక్క మంచం మీద కళ్లు మూసుకుని ఉంది. బిల్లు కట్టడానికి బావ చిట్టీ పాడుకొచ్చాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పద్నాలుగేళ్లు అదే పనిలో ఉండి, మొదటి డోసుకు ముందు ఈ ఒక్క మాట నేను అడగలేదు.

పెట్టెలో ఒక కాగితం ఉంటుంది, మడతలు మడతలుగా. అందులో రాసి ఉంది. ఈ 440 వయల్‌ను పెట్టెలో వచ్చే, సూక్ష్మజీవులు పెరగకుండా మందు కలిపిన నీటితో కలిపితే, 2 నుంచి 8 డిగ్రీల మధ్య 28 రోజులు ఉంచి వాడొచ్చని. డోసుల మధ్య గడువు 21 రోజులే. అంటే మిగిలింది తర్వాతి సారికి పనికొస్తుంది. ఆ నీరు పడనివాళ్లకు వేరే నీటితో కలుపుతారు, అప్పుడు దాచకూడదు. 150 మి.గ్రా. చిన్న వయల్‌కూ ఈ మాట వర్తించదు. ఇది ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టుకునే పని అసలే కాదు. ఆసుపత్రి ఫార్మసీ శుభ్రంగా, పేరూ తెరిచిన తేదీ రాసిన చీటీ అంటించి దాచాలి. అక్కకు మూడో డోసు నుంచి డాక్టరమ్మ చెబితే అలా దాచారు.

లెక్క వేసి చూపిస్తాను. 60 కిలోల మనిషికి 18 డోసులు. ప్రతిసారీ మిగిలింది పారేస్తే 19 వయల్స్. 28 రోజుల్లోపు మిగులును వాడుకుంటూ పోతే 16. మూడు వయల్స్ తేడా. లెక్క కోసం వయల్ 30,000 అనుకుంటే 90,000 రూపాయలు. ఏ కంపెనీతోనూ బేరమాడకుండా, ఏ బ్రాండూ మార్చకుండా మిగిలే డబ్బు ఇది. మీ బరువుకు, మీ వయల్‌కు లెక్క వేరుగా వస్తుంది. మొదటి సూదికి ముందే ఫార్మసిస్టుతో కూర్చుని వేయించుకోండి.

ఇప్పుడు ఇన్సూరెన్స్. ఇక్కడ కాస్త నిదానంగా వినండి, ఎక్కువ నష్టం ఇక్కడే.

2019 సెప్టెంబరులో బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ ఒక నియమం పెట్టింది. 12 రకాల ఆధునిక చికిత్సలను పాలసీలు పూర్తిగా మినహాయించడానికి వీల్లేదు అని. అందులో ఒకటి, ఇంజెక్షన్‌గా ఇచ్చే మోనోక్లోనల్ యాంటీబాడీ, అంటే ఒక్క లక్ష్యానికే అంటుకునేలా తయారుచేసిన ప్రొటీన్ మందు. ట్రాస్టుజుమాబ్ సరిగ్గా అదే. కంట్లో వేసే ఇంజెక్షన్లు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. వినడానికి మంచి వార్తే. కానీ మినహాయించొద్దన్నారు గానీ పరిమితి పెట్టొద్దనలేదు. చాలా పాలసీల్లో ఈ పన్నెండింటికీ సబ్ లిమిట్, అంటే విడిగా ఒక పరిమితి, ఉంటుంది. పాలసీ మొత్తం 10 లక్షలు ఉన్నా, ఈ పద్దు కింద పడితే దానిలో కొంత భాగమే వస్తుంది. అదే మందు కీమోథెరపీ పద్దులో పడితే ఆ పరిమితి తగలదు. అక్క పాలసీలో ఇదే జరిగింది. కీమోతో కలిపి ఇచ్చిన రోజుల్ని కూడా సబ్ లిమిట్ కింద వేసి కోత పెట్టారు. ప్రిస్క్రిప్షన్, డాక్టరమ్మ రాసిచ్చిన చికిత్స ప్రణాళిక జతచేసి ఫిర్యాదు చేశాం. కీమోతో కలిసిన సైకిల్స్, అంటే విడతల, వరకు కోత వెనక్కి ఇచ్చారు. ఒట్టి ట్రాస్టుజుమాబ్ ఇచ్చినవి మాత్రం ఆ పరిమితిలోనే ఉండిపోయాయి. ముందే తెలిసుంటే కనీసం ఎంత డబ్బు సిద్ధం చేసుకోవాలో లెక్క ఉండేది.

కాబట్టి ప్రీ-ఆథ్, అంటే చికిత్సకు ముందే బీమా కంపెనీ అనుమతి అడిగే కాగితం, పంపేటప్పుడు డెస్కులో ఉన్న అమ్మాయిని అడగండి. "దీన్ని ఏ పద్దు కింద పంపుతున్నారు? ఈ పద్దుకు నా పాలసీలో పరిమితి ఎంత? 18 సైకిల్స్‌కు ఆ పరిమితి సరిపోతుందా?" ప్రతి సైకిల్‌కూ విడిగా అప్రూవల్ వస్తుంది. మొదటి మూడు సాఫీగా వచ్చాయని ధీమాగా ఉంటే నాలుగోసారి పరిమితి అయిపోయిందంటారు. ఆ రోజు కౌంటర్ దగ్గర పడే టెన్షన్ నేను వందలమంది ముఖాల్లో చూశాను.

ఇంకొకటి. పాలసీలో గది అద్దెకు పరిమితి ఉండి, మనం అంతకంటే పెద్ద గది తీసుకుంటే మిగతా ఖర్చుల్లోనూ అదే దామాషాలో కోస్తారు. కానీ మందులు, వాడిపారేసే సామాను, ఇంప్లాంట్లు, పరీక్షల ఖర్చుల మీద ఆ కోత వేయకూడదని 2020లోనే ఐఆర్‌డీఏఐ చెప్పింది. మీ సెటిల్‌మెంట్ కాగితంలో ఇంజెక్షన్ ధర మీద దామాషా కోత కనిపిస్తే ఊరుకోకండి. ముందు కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రాయండి. పని కాకపోతే ఫిర్యాదులకు ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్ ఉంది, బీమా తగాదాలు విని తీర్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ కార్యాలయం మన బెంగళూరులోనే ఉంది. అక్కడ లాయరు అవసరం లేదు, ఫీజు లేదు.

ఇంట్లోనే పొడుచుకునే పెన్నుల సంగతి వేరు. కీళ్లవాతానికి అడాలిముమాబ్, షుగర్‌కు గ్లార్జిన్. ఇవి ఓపీ, అంటే ఆసుపత్రిలో చేరకుండా అయ్యే ఖర్చు కింద వస్తాయి, మామూలు పాలసీల్లో ఓపీ ఉండదు. ఆసుపత్రిలో డే కేర్ కింద ఎక్కించే మందుకు డబ్బొచ్చి, అంతే అవసరమైన పెన్నుకు రాకపోవడం నాకెప్పుడూ అన్యాయంగానే తోస్తుంది. దీనికి నా దగ్గర ఉపాయం లేదు. ఓపీ కవర్ ఉన్న పాలసీ చూసుకోవడం, తక్కువ ధర బయోసిమిలర్ ఉందేమో డాక్టర్ను అడగడం, అంతవరకే.

ఐటీలో పనిచేసే పిల్లలు చాలామంది ఉన్నారు ఇక్కడ. అమ్మానాన్నలు మీ కంపెనీ గ్రూప్ పాలసీ మీద ఉంటే, చికిత్స మధ్యలో ఉద్యోగం మారే ముందు ఒక్కసారి ఆగండి. పాత కంపెనీలో ఆఖరి రోజుతో వాళ్ల కవర్ కూడా పోతుంది. ఆ రోజు రాకముందే అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీకి మార్చమని అడగొచ్చు. ఎంత ప్రీమియం అంటారో వేరే సంగతి, అడగడం మాత్రం ముందే అడగాలి. వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు, అది కొంత ఊరట.

ఊళ్ల నుంచి వచ్చేవాళ్ల కోసం ఒక మాట. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆరోగ్యశ్రీని 2019 నవంబరులో బెంగళూరు, చెన్నై, హైదరాబాద్‌లలోని కొన్ని ఆసుపత్రులకు విస్తరించింది. ఇప్పుడు ఆ పథకం ఎన్టీఆర్ వైద్య సేవ. ఈ ఆసుపత్రి ఇప్పటికీ జాబితాలో ఉందా, ఈ మందు ప్యాకేజీలో ఉందా, బస్సెక్కే ముందే ఫోన్‌లో కనుక్కోండి. అనంతపురం నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చి, కార్డు ఇక్కడ చెల్లదని విని మెట్ల మీద కూలబడ్డవాళ్లను చూశాను. ఇక్కడి కిద్వాయి క్యాన్సర్ ఆసుపత్రి లాంటి ప్రభుత్వ సంస్థలో రద్దీ ఉంటుంది, కానీ ఖర్చు దగ్గర ప్రైవేటుతో పోలికే లేదు.

అమెరికాలో పిల్లలున్నవాళ్లు అడుగుతున్నారు, అక్కడ ఎలా అని. అక్కడ చిక్కు వేరే రకం. కీమో తర్వాత తెల్ల రక్తకణాలు పెరగడానికి ఇచ్చే పెగ్‌ఫిల్‌గ్రాస్టిమ్‌కు మొదటి బయోసిమిలర్ 2018లో అక్కడికి వెళ్లింది. మన బయోకాన్, మైలాన్ అనే కంపెనీ కలిసి తెచ్చిందే. అసలు బ్రాండు ఒక సిరంజి 6,231 డాలర్లుంటే దీనికి 4,175 డాలర్ల ధర పెట్టారు. కానీ అక్కడ జాబితా ధర ఒకటి, మందు కంపెనీ వెనక్కిచ్చే రిబేటు పోను బీమా కంపెనీ కట్టేది ఇంకొకటి. 2023లో అడాలిముమాబ్‌కు వచ్చిన ఒక బయోసిమిలర్‌కు ఒకే మందుకు రెండు ధరలు పెట్టారు. ఒకటి అసలు బ్రాండు కంటే 5 శాతం తక్కువ, ఇంకొకటి 55 శాతం తక్కువ. ఎక్కువ ధరది ఎవరికి అంటే, బీమా కంపెనీల తరఫున మందుల ధర బేరమాడే, పెద్ద రిబేటు కావాల్సిన మధ్యవర్తులకు. రోగి వాటాను జాబితా ధర మీద లెక్కేస్తే ఆ రిబేటు రోగి కంటికి కూడా కనిపించదు. మీ పిల్లల్ని ఒక్కటే అడగమనండి, "నా వాటా ఏ ధర మీద లెక్కిస్తున్నారు?" అని.

సరే, చాలాసేపు మాట్లాడాను. అక్క ఇప్పుడు బాగుంది, మొన్న ఉగాదికి మదనపల్లెలో ఆమె చేతి బొబ్బట్లే తిన్నాం. ఇక మీ బిల్లులు చూద్దాం. ఆ చివర పసుపు చీర అమ్మ ఇందాకటి నుంచి ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. రండమ్మా, ముందు మీదే చూద్దాం. డిశ్చార్జి కాగితం తర్వాత, ఫార్మసీ బిల్లు పైకి తీయండి, బ్యాచ్ నంబరు ఉన్నది. తర్వాతి డోసు ఎప్పుడన్నారు? గురువారమా? అయితే ఇంకా టైముంది, కూర్చోండి.